అత్తయ్య నిద్రపుచ్చిన మిరపమొక్క

చలికాలం మొదలైందంటే చాలు, నా వాట్సాప్‌కి ఒకే రకం ఫొటోలు వస్తుంటాయి. ఆకులు రాలిపోయి పుల్లలా మిగిలిన మిరపమొక్క, దాని కింద "ఆంటీ, ఇది చచ్చిపోయిందా, బతికే ఉందా?" అని ప్రశ్న. డెట్రాయిట్ నుంచి ఒకటి, టొరంటో నుంచి ఒకటి, మొన్న ఎడిన్‌బరో నుంచి మా పక్కింటివాళ్ళమ్మాయి పంపింది. కాప్రాలో మేడ మీద పది కుండీలు పెట్టుకుని కాలక్షేపం చేసే నాకు మంచుదేశాల మిరపమొక్కల వైద్యం ఎలా వచ్చిందనుకుంటున్నారా? మా అత్తయ్య పుణ్యం. ఒక్కొక్కరికీ విడివిడిగా రాసి వేళ్ళు నొప్పి పుడుతున్నాయి. అందుకని అంతా ఒకచోట రాస్తున్నాను. మీ పిల్లలు చలిదేశాల్లో ఉంటే వాళ్ళకి పంపండి. లేకపోతే మా అత్తయ్య కోసం చదవండి.

ముందు మన చలి సంగతి చెప్పి పక్కన పెట్టేస్తాను. హైదరాబాద్ చలి మిరపమొక్కని చంపదు. డిసెంబరు, జనవరుల్లో మా కాప్రా, సైనిక్‌పురి వైపు రాత్రిళ్ళు 12, 11 డిగ్రీలకి దిగుతుంది, కొన్ని రోజులు 10 కంటే కిందికీ పోతుంది. అప్పుడు మొక్క అలుగుతుంది, అంతే. కొత్త చిగురు వేయదు, పూత రాలుస్తుంది. కుండీని ఉత్తరపు గాలి తగలని గోడ పక్కకి జరిపి, నీళ్ళు సాయంత్రం కాకుండా ఎండెక్కాక పోస్తే సంక్రాంతి దాటాక అదే తేరుకుంటుంది. ఇక్కడ దాని ప్రాణం తీసేది చలి కాదు, పురుగు. ఆకు పైకి ముడుచుకుంటే పైముడత, అది తామర పురుగు పని. కిందికి ముడుచుకుంటే కిందిముడత, అది నల్లి పని. 2021 చివర్లో ఖమ్మం, గుంటూరు మిరపచేలని నల్ల తామర పురుగు ఎలా ఊడ్చిపెట్టిందో పేపర్లో చదివే ఉంటారు. ఆ ఏడు మా మేడ మీద కూడా పూలలో నల్లగా నువ్వుగింజల కంటే సన్నగా పాకేవి. మామయ్య రోజూ పొద్దున్నే ఒక తెల్లకాగితం పట్టుకుని దాని మీద పువ్వు దులిపి లెక్కపెట్టేవారు.

మామయ్య ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆ ఉద్యోగం వల్లే మాకు కాప్రాలో ఇల్లు. లెక్కలూ కొలతలూ చూసే మనిషి, మొక్కల దగ్గరా అంతే. ఆయన ఒకే ఒక్క మిరపమొక్కని పెద్ద సిమెంటు కుండీలో ఐదేళ్ళు ఉంచారు. ఉగాది వెళ్ళగానే కొమ్మలన్నీ జానెడు మిగిల్చి కత్తిరించి, ఎండాకాలం పాత గళ్ళలుంగీ పందిరి వేసి, వానలకి మళ్ళీ చిగురింపించేవారు. అత్తయ్యకి ఇది వింతగా ఉండేది. ఆవిడది ఖమ్మం జిల్లా, మధిర దగ్గర. మిరపచేల మధ్య పెరిగిన మనిషి. వానాకాలంలో నాటడం, చలికాలంలో ఏరడం మొదలుపెట్టడం, ఎండలు ముదిరేలోపు ఆఖరి కోత కోసి చెట్టు పీకేయడం, ఇదే ఆవిడ చూసింది. "మా నాన్నవాళ్ళు ఏటా పీకి పొయ్యిలోకి వాడేవాళ్ళు. మిరపచెట్టు ఎన్నేళ్ళు బతుకుద్దో మేం ఎప్పుడన్నా చూస్తేగా!" అనేవారు.

నిజానికి మిరప ఏడాదిలో పోయే మొక్క కాదు. దాని పుట్టిల్లు మెక్సికో, దక్షిణ అమెరికా వైపు. అక్కడ చలి ముట్టుకోని చోట ఏళ్ళ తరబడి పొదలా బతుకుతుంది. పోర్చుగీసువాళ్ళు మన తీరానికి తెచ్చి 500 ఏళ్ళు అయింది. అంతకు ముందు మనకి కారమంటే మిరియమే, మిరపకాయ అన్న పేరులో ఆ మిరియం ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. మనం పచ్చిమిరపకాయలనీ, ఎండుమిరపకాయలనీ పిలిచే చాలా రకాలకి శాస్త్రంలో పేరు కాప్సికం యాన్యుమ్. రెండో మాటకి అర్థం ఏడాదిది అని. ఆ పేరు పెట్టింది స్వీడన్ దేశస్థుడు లిన్నేయస్, 1753లో. చలిదేశం ఆయనది. అక్కడ మంచు పడగానే మొక్క చచ్చిపోతుంది కాబట్టి దాని ఆయుష్షు ఏడాదే అనిపించి ఉంటుంది. పేరు అలాగే నిలబడిపోయింది.

2022 జులైలో మామయ్య పోయారు. గుండె. సాయంత్రం టీ తాగారు, రాత్రికి లేరు. పదోరోజు గాజులు తీయించే తంతు మా ఇంట్లో ఉండదని మావారు పెద్దవాళ్ళందరి ముందూ గట్టిగా చెప్పేశారు. కానీ అప్పటికే, నాలుగోరోజో ఐదోరోజో, ఎవరూ అడగకుండానే అత్తయ్య చేతుల గాజులు తనే తీసి స్టీలు డబ్బాలో పెట్టుకుని బీరువాలో కిందఅరలో దాచేశారు. నేను చూశాను. ఏమీ అనలేదు.

ఆ ఏడాదంతా వచ్చినవాళ్ళందరూ ఒకే మాట. "ఏడాది తిరిగితే అదే సర్దుకుంటుంది." తిరిగాక మాట మారింది. "ఏడాది అయిపోయిందిగా, ఇక మనసు మళ్ళించుకోవాలి." కాలనీలో ఆడవాళ్ళు విష్ణుసహస్రనామానికి తీసుకెళ్ళారు, రెండుసార్లు వెళ్ళి మానేశారు. డాక్టరు నిద్రకి మాత్రలు ఇచ్చారు, వేసుకునేవారు. అడిగితే మాట్లాడేవారు, పెడితే తినేవారు. మేడ మీదికి మాత్రం ఎక్కలేదు. నీళ్ళు నేనే పోసేదాన్ని. మామయ్య మిరపమొక్కకి వయసు మీదపడి కాండం చెక్కలా అయిపోయింది, 2023 మే ఎండల్లో పూర్తిగా ఎండిపోయింది. ఆ మాట కింద చెబితే "పోనీలే" అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క లేదు.

సంవత్సరీకాలు అయ్యాక సెప్టెంబరు చివర్లో మా మరిది వచ్చి మిషిగన్ తీసుకెళ్ళాడు. డెట్రాయిట్ పక్కన కాంటన్ అనే ఊళ్ళో ఉంటారు వాళ్ళు. ఊరంతా మనవాళ్ళే అన్నట్టుంటుంది, నోవై వెంకటేశ్వరస్వామి గుడి కారులో దగ్గరే. మార్పు ఉంటుందని అందరి ఆశ. మరిది నయాగరా చూపిస్తానన్నాడు, పిల్లలు నానమ్మకి పేకాట నేర్పిస్తామన్నారు. నెలరోజులయ్యాక మా తోడికోడలు ఫోన్ చేసి, "అక్కా, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటే లేవట్లేదు. మాట్లాడితే 'ఊ' అంటున్నారు. అక్కడా ఇలాగే ఉన్నారా?" అని అడిగింది. ఉన్నారన్నాను.

అక్టోబరు నెలాఖరులో ఒకరోజు పొద్దున్న ఐదున్నరకి, అంటే వాళ్ళకి ముందురోజు రాత్రి ఎనిమిది, మళ్ళీ తోడికోడలు ఫోను. అంత పొద్దున్న అమెరికా ఫోనంటే గుండె జారిపోతుంది కదా! తీరా చూస్తే మిరపమొక్క గొడవ.

వాళ్ళింటి వెనక డెక్ మీద మూడు బకెట్లలో మిరపమొక్కలున్నాయి. రెండు థాయ్ మిరప, ఒకటి హలపేన్యో. (దాన్ని చూసి అత్తయ్య "బజ్జీ మిరపకాయకి చెల్లెల్లా ఉంది, కారం లేదు పాడూ లేదు" అన్నారట.) ఆ రాత్రి మంచు కురుస్తుందని హెచ్చరిక వచ్చింది. కరివేపాకు చెట్టుని సెప్టెంబరులోనే ఇంట్లోకి చేర్చేశారు. అమెరికాలో తెలుగింట్లో కరివేపాకు చెట్టుకి జరిగే రాజోపచారాలు మీకు తెలిసినవే. ఎండ పడే కిటికీ దానిది, ఊరెళ్తే పక్కింటివాళ్ళకి అప్పగింతలు. మిరపమొక్కకి ఆ యోగం లేదు. ఇండియన్ స్టోర్‌లో పచ్చిమిరపకాయలు ఎప్పుడూ దొరుకుతాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఏటా చేసినట్టే ఆఖరి కాయలు కోసుకుని, మొక్కలు పీకి చెత్తసంచిలో వేద్దామని తోడికోడలు చేతులకి తొడుగులు వేసుకుంది. అత్తయ్య కుర్చీలోంచి లేచి తలుపు దగ్గరికి వచ్చారట.

"బతికున్నదాన్ని ఎలా పారేస్తావమ్మా?"

నెలరోజుల్లో అంత పొడుగు మాట అనడం అదే మొదలు. తోడికోడలు కంగారుపడి మూడు బకెట్లూ గరాజ్‌లోకి లాగించి నాకు ఫోన్ చేసింది. "అక్కా, లోపలికైతే తెచ్చాను. ఇప్పుడేం చెయ్యాలి?"

నాకేం తెలుసు! కాప్రాలో ఎప్పుడన్నా మంచు కురిసిందా? కానీ మామయ్య ఐదేళ్ళు చేసింది కళ్ళారా చూశాను. ఎండకి చేసింది చలికి పనికిరాదా అనిపించింది. ఆ వారం నేను చదివిందీ, యూట్యూబులో అమెరికా, కెనడా తోటమాలులు చెప్పిందీ, వాళ్ళు చేసి చూసిందీ కలిపి చెప్తాను.

మిరపకి రాత్రి చలి 10 డిగ్రీలు, వాళ్ళ లెక్కలో 50 ఫారన్‌హీట్, దిగకముందే లోపలికి తేవాలి. ఒక్కసారి మంచు ముట్టుకుంటే ఆకులు ఉడకబెట్టిన తోటకూరలా వేలాడతాయి, ఇంకాస్త గట్టిగా పడితే కాండమే పోతుంది. తెచ్చాక రెండు దారులున్నాయి. ఒకటి, దాన్ని పచ్చగానే ఉంచడం. వెచ్చటి గది, కిటికీ, చాలకపోతే మొక్కల కోసం అమ్మే ఎల్‌ఈడీ దీపం. మిషిగన్‌లో డిసెంబరులో పగలు తొమ్మిది గంటలే, అదీ మబ్బు. కాబట్టి దీపం తప్పదు. రెండోది, దాన్ని నిద్రపుచ్చడం. కాయలు, పూలు, ఆకులు అన్నీ తీసేసి, కొమ్మలు రెండుమూడు కణుపులు మిగిల్చి కత్తిరించి, చల్లగా ఉండేచోట పెట్టేయడం. దీనికి వెలుతురు పెద్దగా అక్కర్లేదు, ఆకులే లేనప్పుడు ఎందుకు? 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉండే బేస్‌మెంట్ మూల దీనికి సరిగ్గా సరిపోతుంది. గడ్డకట్టే గరాజ్ పనికిరాదు, హీటర్ పక్కనా పనికిరాదు.

మరిదికి మొదటి దారి నచ్చింది. "చలికాలమంతా కాయలు కాస్తాయి వదినా!" అని రెండురోజుల్లో ఒక ఊదారంగు దీపం, దానికొక టైమరు తెప్పించాడు. ఒక థాయ్ మొక్క ఆ దీపం కిందికి వెళ్ళింది. రెండో థాయ్ మొక్కనీ, హలపేన్యోనీ నిద్రపుచ్చుదామని తోడికోడలు ఒప్పుకుంది. ఆ శనివారం వీడియోకాల్‌లో నేను ఇక్కడినుంచి చెప్తుంటే తను కత్తిరించింది.

ముందు వేళ్ళ సంగతి చూడాలి. బకెట్ మట్టిలో పేనుబంక గుడ్లూ, సన్న దోమలూ ఉంటాయి, ఇంట్లోకి వచ్చాక వెచ్చదనానికి అవి పండగ చేసుకుంటాయి. అందుకని మొక్కని బయటికి లాగి, మట్టి దులిపి, చుట్టూ అల్లుకున్న వేళ్ళు మూడోవంతు దాకా కత్తిరించి, కాండాన్నీ వేళ్ళనీ పంపు కింద కడిగి, కొత్త మట్టితో చిన్న కుండీలో పెట్టాలి. తరవాత కొమ్మలు. కాండం చీలే చోటు పైన జానెడు మిగిలితే చాలు, చూడటానికి పంగలకర్రలా ఉంటుంది. ఆఖరున ఆకులు. ఒక్కటి కూడా ఉంచకూడదు, పురుగు దాక్కునేది వాటి అడుగునే.

తోడికోడలు ఆకులు దూస్తుంటే అత్తయ్య పక్కన నిలబడి చూస్తున్నారు. సగం అయ్యాక "ఇక చాలు" అన్నారు. తోడికోడలు "అన్నీ తీయాలట అత్తయ్యా" అంటే ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. తనకి అర్థం కాలేదు, "చెట్టు మీద జాలి కాబోలు" అంది. నేను కాబోలు అన్నాను. బి.ఏ.లో తెలుగు చదివిన రోగమొకటి నాకుంది, ఏది చూసినా ఉపమానం తోస్తుంది. కానీ మనిషిని మొక్కతో పోల్చి, ఆ పోలిక ఆవిడ చెవిన పడితే ఎలా ఉంటుందో ఆలోచించాలి కదా. అందుకే ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడూ అనను.

మర్నాడు పొద్దున ఆ రెండు కుండీలనీ బేస్‌మెంట్‌లోకి దింపిస్తుంటే అత్తయ్య తనూ మెట్లు దిగి, ఎక్కడ పెట్టాలో తనే చూపించారట. తూర్పున చిన్న కిటికీ ఉన్న మూల. "పొయ్యి పెట్టె దగ్గర వద్దు" అన్నారట. నీళ్ళ హీటర్‌ని ఆవిడ పొయ్యి పెట్టె అంటారు.

నిద్రపోయే మొక్కకి నీళ్ళే పెద్ద చిక్కు. ఆకుల్లేని మొక్క నీళ్ళు తాగదు, పోసినవన్నీ వేళ్ళ దగ్గరే నిలిచి కుళ్ళిస్తాయి. చలికాలంలో ఇళ్ళలో చచ్చిపోయే మిరపమొక్కల్లో ఎండి చచ్చేవాటికంటే నీళ్ళెక్కువై చచ్చేవే ఎక్కువని నాకు ఇన్నేళ్ళ ఫొటోల్ని బట్టి తోస్తోంది. ప్రేమ ఎక్కువైనవాళ్ళే పంపుతుంటారు అవి. మట్టి పూర్తిగా పిండి కాకుండా, రెండుమూడు వారాలకి అర గ్లాసు చాలు. "రెండు వారాలంటే ఎలా గుర్తుపెట్టుకుంటారు, ఫోన్‌లో అలారం పెట్టనా?" అంటే అత్తయ్య నవ్వి (నవ్విందన్న సంగతి తోడికోడలు నాకు ప్రత్యేకంగా మెసేజ్ పెట్టింది), "నాకెందుకు అలారం, ఏకాదశి లేదూ" అన్నారు. ఆవిడకి ఏకాదశి ఉపవాసం అలవాటు. మర్నాడు ద్వాదశి పారణ. ఆ పొద్దున స్నానం చేసి, దీపం పెట్టుకుని, తను ఏదన్నా నోట్లో వేసుకునే ముందు బేస్‌మెంట్‌లోకి దిగి రెండు కుండీలకీ తలా అర గ్లాసు పోసేవారు. తనతోపాటు వాటికీ పారణ. పంచాంగం ప్రకారం మొక్కకి నీళ్ళు పోయడం ఏ యూట్యూబులోనూ లేదు కానీ, లెక్క మాత్రం సరిగ్గా సరిపోయింది.

పైన దీపం కింది మొక్క సంగతీ చెప్పాలి, అన్యాయం చేయకూడదు. నవంబరంతా అది కళకళలాడింది. డిసెంబరులో పూత వచ్చింది. ఇంట్లో గాలి ఉండదు, తేనెటీగలుండవు కాబట్టి పిల్లలు రోజూ కొమ్మని మెల్లగా తట్టేవాళ్ళు, మిరప తన పుప్పొడితో తనే కాస్తుంది కాబట్టి ఆ మాత్రం కదలిక చాలు. జనవరి మొదట్లో నాలుగు కాయలు కాసింది. మరిది ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఆ నాలుగూ వేసి పప్పు తాలింపు పెడితే పొగ అలారం మోగి ఇంటిల్లిపాదీ తువ్వాళ్ళు పట్టుకుని విసిరారట. (ఇది అక్కడ వారానికోసారి జరిగేదే.) సంక్రాంతికల్లా ఎర్రనల్లి పట్టింది. హీటర్ గాలికి ఇల్లు ఎండిపోతుంది, ఆ పొడి అంటే ఎర్రనల్లికి ప్రాణం. ఆకు అడుగున సన్నగా సాలెగూడు, పైన ఇసక చల్లినట్టు తెల్ల చుక్కలు. స్నానాల గదిలో షవర్ కింద కడిగారు, సబ్బునీళ్ళు, వేపనూనె కొట్టారు. మూడు రోజులకోసారి కడిగితే తగ్గుతుంది, కానీ ఇద్దరూ ఉద్యోగస్తులు, పిల్లల చదువులు, ఎంతని చేస్తారు? ఫిబ్రవరికి సగం కొమ్మలు పోయాయి. దీపం కింద పెంచడం తప్పని నేననను. వేళకి కడిగే ఓపిక ఉన్నవాళ్ళు చక్కగా కాయించుకుంటున్నారు. కానీ ఆ చీకట్లో, ఆ పొడిలో దాన్ని కాయమని అడగడం నాకు మాత్రం మనసొప్పదు.

కింద మూలలో ఏమీ జరగలేదు. నాలుగు నెలలు ఏమీ జరగలేదు. హలపేన్యో డిసెంబరులోనే కాండం నల్లబడి మెత్తబడిపోయింది, తీసేశారు. మిగిలిన థాయ్ మొక్క ఎలా పెట్టారో అలాగే ఉంది, పుల్ల. కొమ్మల చివర్లు ఎండి గోధుమరంగుకి తిరుగుతుంటే పిల్లలు "నానమ్మా, ఇట్స్ డెడ్" అనేవాళ్ళు. ఇంటికొచ్చిన స్నేహితులు చూసి "ఇదేంటండీ, ఈ పుల్లకి నీళ్ళు పోస్తున్నారు?" అనేవాళ్ళు. మరిది ఒకసారి మెల్లగా, "అమ్మా, వసంతంలో కొత్త మొక్క కొనిస్తాను" అన్నాడు. అత్తయ్య జవాబు చెప్పేవారు కాదు. కాండం మీద బొటనవేలి గోరుతో సన్నగా గీసి చూపించేవారు. గీసినచోట లోపల లేత పచ్చ కనిపిస్తుంది. నాకు ఫొటోలు పంపే పిల్లలందరికీ నేను చెప్పే పరీక్ష ఇదే. గోరుతో గీస్తే పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమరంగుగా, పొడిగా ఉండి వంచితే పుటుక్కున విరిగితే ఆ కొమ్మ పోయినట్టు, కింద ఇంకోచోట గీసి చూడాలి. చివర్లు ఎండటం మామూలే, భయపడకండి.

ఆ నాలుగు నెలల్లో అత్తయ్య మారిపోయి నవ్వుతూ తిరిగారని రాస్తే మీకు బాగుంటుంది కానీ అలాంటిదేం లేదు. నయాగరా వెళ్ళలేదు. పేకాట నేర్చుకోలేదు. కిటికీ దగ్గర కుర్చీ అలాగే ఉంది. తోడికోడలే మారింది. మొదట్లో రోజూ ఆవిణ్ణి ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళాలని హడావుడి పడేది. జనవరిలో నాతో అంది కదా, "అక్కా, నేనూ ఇక ఆవిణ్ణి ఏమీ అడగట్లేదు. ఆఫీసు కాల్స్ లేనప్పుడు లాప్‌టాప్ తెచ్చుకుని పక్కన కూర్చుంటున్నాను. నిన్న ఉన్నట్టుండి మామయ్యగారి గురించి చెప్పారు, పెళ్ళయిన కొత్తలో ఆయన ఉత్తరాల్లో స్క్రూల సైజులు రాసేవారట!" అని. ఆ మాట మేం ఇక్కడ ఏడాదిన్నరలో ఎప్పుడూ వినలేదు.

మహాశివరాత్రికి చలి శివశివా అనుకుంటూ వెళ్ళిపోతుందంటారు మనవాళ్ళు. మిషిగన్ చలికి ఆ సంగతి తెలీదు. 2024లో శివరాత్రి మార్చి 8న వచ్చింది, బయట ఇంకా వణుకే. కానీ మొక్కని లేపాల్సిన సమయం మాత్రం అదే, ఫిబ్రవరి చివరా మార్చి మొదలూ. ఆ రోజు అత్తయ్య కుండీని పైకి తెప్పించి, నల్లిపట్టిన మొక్కని పక్కకి నెట్టి, ఊదారంగు దీపం కింద పెట్టించారు. చివర్లు ఎండినంతమేరా కత్తిరించి, గోరువెచ్చటి నీళ్ళు కాస్త ఎక్కువ పోశారు. ఎనిమిదోరోజో తొమ్మిదోరోజో కాండం చీలిన చోట, ముదురు బెరడులోంచి, ఆవగింజంత పచ్చటి మొటిమలు మూడు లేచాయి. అత్తయ్య వీడియోకాల్ చేయమని ఫోన్ దానికి మరీ దగ్గరగా పెట్టేసరికి నాకు పచ్చటి మసక తప్ప ఏమీ కనపడలేదు. కనపడింది అత్తయ్యా అన్నాను. మార్చి 20న ఆవిడ తిరుగు విమానం. ఉగాదికి ఇంట్లో ఉన్నారు.

మిగతాది ఫోనులో విన్నదే. బయట పెట్టడానికి మదర్స్ డే దాటాలని అక్కడి తోటమాలుల లెక్క, మే రెండో ఆదివారం. అదీ ఒక్కసారిగా ఎండలో పెట్టకూడదు, ఇంట్లో పెరిగిన ఆకు మాడిపోతుంది. మొదటిరోజు గంటసేపు నీడలో, రోజుకి కాస్త పెంచుకుంటూ వారం పదిరోజులకి పూర్తి ఎండ. పెద్ద కుండీ, కొత్త ఎరువు. వాళ్ళు ఏటా నర్సరీ నుంచి తెచ్చే మొక్కలు ఆగస్టుకి గానీ దండిగా కాయవు. ఇది పాత కాండం, పాత వేళ్ళు కదా, జూన్ నెలాఖరుకే కాయ దిగింది. తోడికోడలు మొదటి కోత లెక్కపెట్టి 31 అని గ్రూపులో పెట్టింది.

ఆ మొక్కకి తరవాతి చలికాలమూ గడిచింది. ఈసారి తోడికోడలే ఆకులు దూసి, బేస్‌మెంట్‌లో అదే మూలలో పెట్టింది. అత్తయ్య ఇక్కడ వంటింట్లో కూర్చుని ఫోన్‌లో చెప్తుంటారు, "మట్టి పైన తడి కనిపిస్తే పోయకు. ద్వాదశి మనకి ఇవాళైతే మీకు ఎప్పుడో చూసుకో" అని. తోడికోడలికి ఉపవాసాలూ లేవు, పారణలూ లేవు. అయినా ఫోన్‌లో తెలుగు పంచాంగం యాప్ వేసుకుంది.

ఇక్కడికి వచ్చాక అత్తయ్య మేడెక్కడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఎవరం పిలవలేదు. శ్రావణంలో ఒకరోజు పొద్దున నేను నీళ్ళు పోస్తుంటే మెట్ల మీద చప్పుడైంది, చూస్తే ఆవిడ. కరివేపాకు నాలుగు రెబ్బలు తుంచుకుని, మందారం కింద రాలిన ఆకులు ఏరి, మామయ్య సిమెంటు కుండీ దగ్గర ఆగారు. అందులో ఆ ఎండిన మొదలు అలాగే ఉంది. వంగి గోరుతో గీసి చూశారు. తరవాత దాన్ని రెండు చేతులతో అటూ ఇటూ ఊపి వేళ్ళతో సహా పెకలించి పక్కన పెట్టారు. మట్టి అంతా గోనెపట్టా మీద గుమ్మరించి ఎండకి ఆరబోశారు, కుండీ కడిగి బోర్లించారు.

"ఏం వేద్దాం అత్తయ్యా అందులో?" అన్నాను.

"మట్టి ఆరనీ. తొందరేముంది?" అని, కరివేపాకు చెంగులో వేసుకుని కిందికి దిగిపోయారు.